గట్టిదనం రాత్రిపూట వస్తుంది

నాన్న ఏ మాటా పంపలేదు.
కాఫీ డబ్బా ఒకటి నా బండిలో పెట్టి
"ఆరిన్‌కి ఇచ్చెయ్" అన్నాడు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.
రెండు చేతులా ఎత్తాల్సిన బరువు.
మూత మీద వెలిసిన టేపు, పెన్సిలు రాత:
నీళ్లలో పోసినవి. నవంబరు 87.

లూయిస్‌టౌన్ దాటాక నలభై మైళ్ల మంచు.
ముప్పై ఏడేళ్లుగా ఆ రోడ్డు అలాగే ఉంది,
మా నాన్న బండి మాత్రం దాని మీద లేదు.

చలి కొరుకుతున్నా పెదనాన్న షెడ్డు తలుపు బార్లా తెరిచే ఉంది.
సీసం కరిగేచోట గాలి ఆడాలి.
మూత తీశాడు. టేపు చదివాడు. మళ్లీ చదివాడు.
ఒక తూటా తీసి వెలుగులో తిప్పాడు,
బూడిదరంగు పొడలో బొటనగోరు ఆనించి.

"వట్టి సీసాన్ని ఎన్నిసార్లు ముంచినా వట్టి సీసమే, మారిట్.
ఇవి టైర్ల షాపుల్లో ఏరిన చక్రాల బరువులు.
వీటిలో కాస్త యాంటిమొనీ ఉంటుంది, రవ్వంత ఆర్సెనిక్.
పట్టుదలంతా ఆ రవ్వది.

మూస విప్పి, కాలుతుండగానే బకెట్లోకి జారవిడిస్తాం.
సుయ్ మంటుంది. అంతే.
అప్పుడే తీసి గీరి చూడు, మెత్తన!
మొదటిసారి మీ నాన్నా నేనూ నవ్వుకున్నాం,
ఏం గట్టిపడిందిరా ఇదీ అని.
తెల్లారి చూస్తే గోరు జారిపోయింది.
పదిహేను రోజులకి చాకే జంకింది."

పెదనాన్న అక్కడ ఆగాడు.
వాగు పక్క పచ్చిక అమ్మేద్దామన్న రోజు
నాన్న తూలిన ఆ ఒక్క మాట
మా ఇంట్లో ఎవరూ పలకరు.
అమ్మ చెప్పింది ఇంతే:
ఆ పూట ఆరిన్ ఏమీ అనలేదు,
యాపిల్ పై రెండో ముక్క కూడా అడిగి తిన్నాడు.
మర్నాడు ఫోనెత్తలేదు.
క్రిస్మస్‌కి కంచె లేచింది.

డ్రాయరులోంచి పెన్సిళ్లు తీశాడు, మెత్తనివాటి నుంచి గట్టివాటి దాకా.
ఒకటి జారింది. రెండోదీ జారింది.
మూడో పెన్సిలు తూటా ఒంట్లో సన్నని చాలు తీసింది.
"అప్పట్లో ఈ వరసలో ఒక్కటీ దిగేది కాదు"
అన్నాడు, ఓడిపోయినవాడిలా కాదు,
లెక్క సరిపోయినవాడిలా.
"ఎవరూ చెప్పకుండానే వదులవుతాయి. ఏళ్లు పడుతుంది."

తర్వాత డబ్బా మొత్తం కుండలోకి వంచేశాడు.

ఎవరి తూటా ఏదో, ఏ ఏడాదిదో
కాసేపు వేరువేరుగా కూర్చున్నాయి.
అంచుల్లో మొదలై ఒక్కసారిగా కూలి,
అద్దం.
మైనం ముక్క వేశాడు. మంట లేచి పొగై పోయింది.
పైకి తేలిన తెట్టు తీసెయ్యబోతే నా చెయ్యి ఆపాడు:
"పారెయ్యకు. తగరం దాన్లోనే ఉంది. కలుపు, మళ్లీ దిగిపోతుంది."

గరిటె తిప్పుతూ అడిగాను,
కరిగాక ఆ గట్టిదనం ఏమవుతుందని.
"పోతుంది. దీనికిప్పుడు నవంబరు గుర్తులేదు.
కానీ ఆ రవ్వ ఎక్కడికీ పోలేదు.
మళ్లీ ముంచావా, మళ్లీ అంతే."

బకెట్టు పది అడుగుల దూరంలో ఉంది.
ఒక్క నీటిబొట్టు కుండలో పడితే
కరిగిన సీసం కప్పు దాకా లేస్తుందట.

రెండు గుంటల మూస, వాళ్లిద్దరూ సగం సగం డబ్బులేసి కొన్నది.
పోశాడు. గడ్డకట్టేదాకా పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టాడు.
మూసతో బకెట్టు వైపు రెండడుగులు వేశాడు, అలవాటు కొద్దీ.
నిలబడ్డాడు.
వెనక్కొచ్చి, బల్ల మీద పాత తువ్వాలు పరిచి
దాని మీద విప్పాడు.

రెండు తూటాలు, పక్కపక్కన,
ఏ చప్పుడూ లేకుండా చల్లబడుతున్నాయి.

చీకటి పడుతుంటే వాటిని ఖాళీ డబ్బాలో వేసి ఇచ్చాడు.
టేపు మీద ఏమీ రాయలేదు, పాతది గీకేశాడంతే.
"డెల్‌కి ఇవ్వు.
ఇవాళ గీరొద్దను, ఇవాళ ఏమీ తెలియదు.
రెండు వారాలాగి,
తనే తెచ్చి చూపించమను."